కడప బండ అరలో టీవీ: ఏ వైరు ఎక్కడ, ఏది ముందు

కర్నూలు, కడప, అనంతపురం ఇళ్ల హాల్లో టీవీ చోటు ఇల్లు కట్టేటప్పుడే ఖాయమైపోతుంది. గోడలో గూడు వదిలి, కడప బండో బేతంచెర్ల బండో అడ్డంగా వేసి అరలు కడతారు. అప్పట్లో అందులో కూర్చున్నది 21 అంగుళాల డబ్బా టీవీ, దాని నెత్తిన డీవీడీ ప్లేయరు. ఇప్పుడు అదే చోట గోడకు 43 అంగుళాల టీవీ, కింద బండ మీద సెట్‌టాప్ బాక్సు, సౌండ్‌బారు, పెళ్లి క్యాసెట్లు చూద్దామని అటక మీంచి దించిన వీసీఆర్. ఇన్ని వైర్లు చూసి బెదరక్కర్లేదు. చిక్కంతా రెండు మూడు చోట్లే ఉంటుంది. అక్కడ నిదానిస్తే మిగతా పని పావుగంటలో అయిపోతుంది.

ముందు టీవీ వెనక ఫొటో తీయండి

గోడకు బిగించిన టీవీ వెనక తల దూర్చి చదవడం అయ్యే పని కాదు. ఫోను టార్చి వేసి పక్క నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి ఫొటో తీయండి. కేబుల్ కోసం అంగడికి పోయినప్పుడు నోటితో చెప్పే బదులు ఆ ఫొటో చూపించండి. సగం తప్పు కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి.

ఫొటోలో వెతకాల్సినవి ఇవి. హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం ఒకే వైరులో మోసేది) సాకెట్లు ఎన్ని, వాటిలో ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటి స్పీకర్లకు పంపేది) అని రాసింది ఏది. ఏవీ అన్నచోట పసుపు, తెలుపు, ఎరుపు మూడు సాకెట్లు ఉన్నాయా, లేక ఇయర్‌ఫోను పట్టేంత ఒకే రంధ్రం ఉందా. ఆప్టికల్ (శబ్దాన్ని వెలుగుగా పంపే సాకెట్టు) ఉందా. ప్రతి సాకెట్టు పక్కనా ఇన్ అని ఉందా, ఔట్ అని ఉందా. బొమ్మ వచ్చే డబ్బాలో ఔట్, టీవీలో ఇన్. శబ్దం విషయంలో మాత్రం టీవీలో ఔట్, స్పీకర్లలో ఇన్. వీసీఆర్‌కు రెండూ ఉంటాయి కాబట్టి తొందరపడి ఇన్‌లో గుచ్చేసి, క్యాసెట్టు పాడైపోయిందని అనుకునేవాళ్లు చాలామంది.

ప్లగ్గులన్నీ పీకాకే హెచ్‌డీఎంఐ

ఈ ఒక్క జాగ్రత్తా పాటిస్తే వేలరూపాయల బోర్డు మిగులుతుంది.

సెట్‌టాప్ బాక్సు వెనక ఇనుము ముట్టుకుంటే, ముఖ్యంగా చెప్పుల్లేకుండా బండపరుపు మీద నిలబడి ముట్టుకుంటే, చేతికి జివ్వుమంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. అడాప్టరులో కరెంటు రొద బయటికి పోకుండా వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రెండు పిన్నుల ప్లగ్గుకు ఎర్తు లేదు కాబట్టి, వాటి గుండా వచ్చే వోల్టేజి డబ్బా లోహం మీద తేలుతూ ఉంటుంది. మీటరు పెడితే 230 వోల్టుల్లో సగం దాకా చూపించవచ్చు. కరెంటు అతి తక్కువ, మామూలుగా మనిషికి ప్రమాదం ఉండదు. కానీ టీవీ ఒక వోల్టేజి మీద, డబ్బా ఇంకో వోల్టేజి మీద ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే, తగిలే క్షణంలో ఆ తేడా సన్నటి 19 పిన్నుల గుండా దూకే వీలుంది. చిటుక్కుమనే నిప్పురవ్వ కంటికి కనిపించినా కనిపించకపోయినా, ఆ సాకెట్టు వెనకున్న చిప్పు పోవచ్చు. "నిన్నటిదాకా బాగానే ఉంది, వైరు మార్చినప్పటి నుంచి హెచ్‌డీఎంఐ 1 పనిచేయట్లేదు" అనే ఫిర్యాదు వెనక ఇది ఉండవచ్చు.

వరస ఇలా పెట్టుకోండి. టీవీ, డబ్బా, సౌండ్‌బారు ప్లగ్గులు మూడూ బోర్డు నుంచి పీకండి. స్విచ్చి ఆపితే చాలదు. డబ్బా నుంచి డిష్ వైరునో కేబుల్ వైరునో కూడా విప్పండి. ఇప్పుడు హెచ్‌డీఎంఐ రెండు చివరలూ పెట్టండి. తర్వాత డిష్ వైరు, అన్నిటికన్నా ఆఖర్న కరెంటు. విప్పేటప్పుడు దీనికి తిరగేసి: ముందు కరెంటు, ఆఖర్న హెచ్‌డీఎంఐ.

అన్ని ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉండాలి. డబ్బా ఒక గోడ సాకెట్టులో, హోమ్ థియేటరు ఇంకో గోడ సాకెట్టులో ఉంటే స్పీకర్లలో సన్నగా గుంయ్‌మనే మోత, ఏవీ బొమ్మ మీద నిదానంగా పైకి పాకే అడ్డ పట్టీలు వస్తాయి. కేబుల్ మార్చినా పోవు. ఒకే బోర్డుకు తెస్తే చాలాసార్లు అక్కడికక్కడే పోతాయి.

ఎర్తు సంగతి కూడా చూసుకోండి. మన నేల రాతినేల, ఎండాకాలం తేమ ఉండదు. పదేళ్ల కింద ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఇప్పుడు పేరుకే ఉంటుంది. మల్టీమీటరుతో ఫేజుకు, ఎర్తుకు మధ్య కొలవండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య వచ్చినంతే దాదాపుగా రావాలి. బాగా తక్కువ చూపిస్తే ఎర్తు లేనట్టే. గుంతలో నాలుగు బిందెలు నీళ్లు పోసి మరుసటి రోజు మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. మీటరు పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇంకొకటి. డబ్బా నుంచి విప్పేసిన కేబుల్ వైరు చివర లోహానికి టెస్టరు పెడితే వెలుగుతోందా? అప్పుడు తప్పు మీ ఇంట్లో లేదు, ఆ వీధి లైనులో ఎక్కడో కరెంటు కలుస్తోంది. దాన్ని ముట్టుకోకండి, కేబుల్ వాళ్లకు చెప్పండి. సరిచేసేదాకా డబ్బాకు తగిలించకండి.

బండకు రంధ్రం, గోడలో పైపు

హెచ్‌డీఎంఐ ప్లగ్గు తల వెడల్పు రెండు సెంటీమీటర్ల పైచిలుకు. గోడలో మామూలు కరెంటు పైపు వేసి, తర్వాత అందులోంచి తోయబోతే మొదటి వంపు దగ్గరే నిలబడిపోతుంది. ఒకటి వేశాక రెండోది అసలే పోదు. ప్లాస్టరింగుకు ముందే ఒకటిన్నర అంగుళం పైపు పెట్టించండి. ఎల్బో కాకుండా పెద్ద బెండు వాడమనండి, లోపల ఒక బైండింగు తీగ వదిలేయమనండి. రేపు ఏ వైరు లాగాలన్నా ఆ తీగే ఆధారం.

బండకు రంధ్రం కావాలంటే అమర్చకముందే కొట్టించడం మేలు. కట్టేసిన అరకు కొట్టాల్సి వస్తే సుత్తి దెబ్బ వద్దు, హ్యామర్ మోడు వద్దు. నీళ్లు పోస్తూ కోర్ బిట్టుతో రెండంగుళాల రంధ్రం, అంచు నుంచి కనీసం మూడంగుళాలు లోపలికి. కడప బండ పొరలు పొరలుగా ఉండే రాయి. అంచుకు దగ్గరగా దెబ్బ పడితే పెచ్చు లేస్తుంది, ఒక్కోసారి నిలువునా చీలుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటిన రోజు ఆ గూట్లో గాలి ఆడదు. సెట్‌టాప్ బాక్సు మీద వీసీఆర్, దాని మీద అల్లిక గుడ్డ పెట్టే అలవాటు ఉంటే మానేయండి. డబ్బా చుట్టూ నాలుగంగుళాలు ఖాళీ ఉండాలి. మధ్యాహ్నం బొమ్మ నిలిచి నిలిచి వచ్చి, రాత్రికి దానంతటదే బాగయ్యే డబ్బాకు రోగం వేడే.

సెట్‌టాప్ బాక్సు: తెర మీద ఎవరు మాట్లాడుతున్నారు?

హెచ్‌డీఎంఐ పెట్టాక టీవీ రిమోటులో సోర్సు లేదా ఇన్‌పుట్ నొక్కి, మీరు గుచ్చిన నంబరే ఎంచుకోండి. బొమ్మ రాకపోతే కేబుల్ పీకే ముందు తెర మీద ఏం రాసి ఉందో చదవండి.

"నో సిగ్నల్" అని ఉండి, ఆ అక్షరాల తీరు టీవీ మెనూలో అక్షరాల్లాగే ఉంటే ఆ మాట టీవీది. డబ్బా నుంచి తనకేమీ అందలేదని చెబుతోంది. తప్పు డబ్బాకు, టీవీకి మధ్యే: సోర్సు నంబరు, హెచ్‌డీఎంఐ కేబుల్, లేదా డబ్బా నిద్రలో ఉండటం. అలాకాక డబ్బా కంపెనీ గుర్తుతోనో, ఏదో నంబరుతోనో సిగ్నల్ లేదన్న సందేశం వస్తే అది డబ్బా మాట. టీవీ, హెచ్‌డీఎంఐ రెండూ భేషుగ్గా ఉన్నాయి. తప్పు మిద్దె మీద డిష్ దగ్గరో, వైరులోనో, రీచార్జిలోనో ఉంది. ఈ తేడా తెలియకనే కొత్త హెచ్‌డీఎంఐ కొని, అదీ పనిచేయలేదని బాధపడతారు.

డిష్ వైరు చివర మరలాగా తిరిగే కనెక్టరు విప్పి చూడండి. నడిమి రాగి తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే అంటదు. చుట్టూ ఉండే జల్లెడ తీగలో ఒక్క పోగు వంగి నడిమి తీగకు తగిలినా షార్టే. డబ్బా ఆ వైరులోనే డిష్ ముక్కుకు 13 లేదా 18 వోల్టులు పంపుతుంది, కాబట్టి ఆ వైరు విప్పినా బిగించినా కరెంటు ఆపే చేయండి.

డీడీ ఫ్రీ డిష్ సొంతంగా తిప్పుకునేవాళ్లకు ఒక లెక్క: అది వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మన మూడు ఊళ్ల నుంచీ చూస్తే సరిగ్గా ఆగ్నేయ మూల, నేల నుంచి 64–66 డిగ్రీల ఎత్తున. అంత ఎత్తు కాబట్టి పిట్టగోడ అడ్డం రాదు, ఆ వైపు పైకి పెరిగిన వేపకొమ్మ వస్తుంది. వర్షం ముందు ఉరుములు మొదలైతే డబ్బా ప్లగ్గుతోపాటు డిష్ వైరు కూడా విప్పేయడం మరవకండి. ప్లగ్గు ఒక్కటే పీకితే పిడుగుకు రెండో దారి తెరిచే ఉంటుంది.

ఫైబరు కనెక్షనైతే వైరు గాజుతీగ. టీ గ్లాసు చుట్టుకన్నా సన్నగా మడవకండి, మేకు కొట్టి బిగించకండి.

మూడు రంగులు, ఒక్క రంధ్రం

వీసీఆర్, డీవీడీ ప్లేయరు, పాత సెట్‌టాప్ బాక్సు ఇచ్చేది పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల్లో. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. పాత టీవీలో రంగుకు రంగు కలిపితే అయిపోయేది. ఇప్పటి టీవీల్లో రెండు రకాల మెలిక ఉంది.

మొదటిది: పసుపు సాకెట్టు కనిపించదు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, తెలుపు, ఇంకో ఎరుపు ఉంటాయి. ఆకుపచ్చ పక్కన వై అనో వీడియో అనో రెండూ కలిపి రాసి ఉంటే, మీ పసుపు పిన్ను ఆ ఆకుపచ్చ సాకెట్టులోకే పోవాలి. తెల్ల సాకెట్టు పక్కనున్న ఎరుపే శబ్దానిది. నీలం పక్కనున్న ఎరుపు బొమ్మది. బొమ్మ నలుపు తెలుపులో వస్తే సోర్సులో కాంపొనెంటు ఎంచుకున్నారన్నమాట. ఏవీకి మార్చండి, రంగులొస్తాయి.

రెండోది: ఏవీ ఇన్ అని ఒకే చిన్న రంధ్రం. దీనికి ఒక చివర జాకు, రెండో చివర మూడు రంగులు ఉండే వైరు కావాలి. జాకును వెలుతురులో పెట్టి చూడండి. లోహం మీద నల్ల గీతలు మూడు ఉండాలి. రెండే ఉంటే అది పాటల వైరు, బొమ్మ మోయదు. మూడు ఉన్నంత మాత్రాన సరిపోతుందనీ కాదు. ఏ పట్టీకి ఏ తీగ కలపాలన్నది కంపెనీకో రకం. చాలా టీవీల్లో కొస ఎడమ శబ్దం, తర్వాతి పట్టీ కుడి, మూడోది గ్రౌండు, మొదలు (చేత్తో పట్టుకునే వైపు పట్టీ) బొమ్మ. వీడియో కెమెరాలతో వచ్చే వైర్లలో ఎక్కువగా రెండో పట్టీ బొమ్మ, మొదలు కుడి శబ్దం.

ఆ రెంటికీ గ్రౌండు ఒకేచోట ఉంది కాబట్టి, కెమెరా వైరు పెట్టినప్పుడు జరిగేది రంగుల తారుమారే. వీసీఆర్ పసుపు సాకెట్టులో వైరు ఎర్ర పిన్నునూ, ఎర్ర సాకెట్టులో పసుపు పిన్నునూ పెట్టండి, బొమ్మ వచ్చేస్తుంది. గ్రౌండే వేరేచోట ఉంటే ఎంత మార్చినా మోత, చీలిన బొమ్మే. కొనేముందు తేల్చుకోవాలంటే మల్టీమీటరు బీప్ మోడులో పెట్టి, ఒక తీగ పసుపు పిన్ను బయటి రేకుకు ఆనించి, రెండోదాన్ని జాకు పట్టీల మీద జరుపుతూ పోండి. బీప్ వచ్చినది గ్రౌండు. టీవీతోపాటు అట్టపెట్టెలో చిన్న వైరు ఇచ్చి ఉంటే ఈ తిప్పలేవీ లేవు. అట్టపెట్టె పాత పేపర్లవాడికి వేసేముందు ఒకసారి వెతకండి.

టీవీకి అసలు ఏవీయే లేకపోతే ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా కొనాలి. దానికి అచ్చం కవల పిల్లలా, హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే డబ్బా కూడా అమ్ముతారు. రెండూ ఒకటి కావు, ఒకదాని పని ఇంకోటి చేయదు. వీసీఆర్ నుంచి కొత్త టీవీకైతే మొదటిది. కొత్త సెట్‌టాప్ బాక్సు నుంచి పాత డబ్బా టీవీకైతే రెండోది, దాని పక్కనున్న స్విచ్చి పాల్ (మన దేశపు పాత టీవీల బొమ్మ పద్ధతి) వైపు ఉండాలి. రెంటికీ యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు ఇవ్వాలి. ఇవ్వకపోయినా హెచ్‌డీఎంఐ నుంచి కాస్త కరెంటు దొంగిలించి లైటు వెలగవచ్చు, బొమ్మ మాత్రం వచ్చిపోతుంటుంది.

డీవీడీ ప్లేయరులో బొమ్మ గిరగిరా దొర్లుతున్నా, రంగు లేకపోయినా, రిమోటులో ఎన్/పీ లేదా పాల్/ఎన్‌టీఎస్‌సీ మీట ఒక్కోసారి నొక్కుతూ చూడండి. శబ్దం ఉండి తెర నల్లగా ఉంటే పొరపాటున పీ-స్కాను మోడుకు పోయి ఉంటుంది. వీ-మోడు మీట నొక్కుతూ పోతే వెనక్కి వస్తుంది.

కువైట్ నుంచి వచ్చిన డబ్బాలు

కడప వైపు చాలా ఇళ్లలో కువైట్ నుంచి తెచ్చిన ప్లేయర్లున్నాయి. వాటి ప్లగ్గుకు చదరపు పిన్నులు మూడు ఉంటాయి. వాటిని మన సాకెట్టులో బలవంతంగా ఇరికించే విద్య వద్దు, వదులుగా ఉండి నిప్పురవ్వలు వస్తాయి. గట్టి అడాప్టరు కొనండి. అక్కడా 240 వోల్టులు, పాల్ పద్ధతే కాబట్టి మిగతా ఇబ్బంది లేదు. అమెరికా నుంచి వచ్చినదైతే ముందు వెనకనున్న చీటీ చదవండి. 100–240 అని ఉంటే సరే, 120 అని మాత్రమే ఉంటే మన సాకెట్టులో పెట్టిన క్షణానే కాలుతుంది.

శబ్దం బయటికి

సౌండ్‌బారును టీవీలో ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐలోనే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే మౌనమే. బారు వైపు కూడా హెచ్‌డీఎంఐ ఔట్ ఏఆర్‌సీ అని రాసిన దాంట్లో. తర్వాత టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐ గుండా టీవీ, బారు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) ఆన్ చేయండి. దాన్ని శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది, సరుకు ఒక్కటే. అయినా శబ్దం లేకపోతే డిజిటల్ ఆడియో ఔట్ దగ్గర పీసీఎం (కుదించని మామూలు శబ్దం) ఎంచుకోండి.

ఆప్టికల్ కేబుల్ పెట్టేవాళ్లు దాని రెండు కొనలకూ ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీశారో లేదో చూసుకోండి. అది లోపల ఉన్నా పైకి బాగానే గుచ్చుకున్నట్టు కనిపిస్తుంది. లోకల్‌గా కట్టించిన ఆంప్లిఫయరుకైతే టీవీ ఇయర్‌ఫోను రంధ్రం నుంచి దాని ఆక్స్ ఇన్‌కు తెలుపు, ఎరుపు వైరు చాలు. టీవీ వాల్యూము సగం పైన పెట్టి, ఆంప్లిఫయరు దగ్గర తగ్గించుకుంటే బుస తక్కువ.

పెన్‌డ్రైవు, హార్డ్‌డిస్కు

పెళ్లి వీడియో బొమ్మ కనిపించి మాట వినిపించకపోతే డీటీఎస్ అనే పద్ధతిలో కుదించిన శబ్దాన్ని మీ టీవీ చదవలేకపోయి ఉండవచ్చు. స్టూడియో వాళ్లను ఎంపీ4లో, ఏఏసీ శబ్దంతో ఇమ్మని అడగండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాటు చేసిన పెన్‌డ్రైవులోకి 4 జీబీ కన్నా పెద్ద ఫైలు ఎక్కదు. హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమంటూ వచ్చిపోతుంటే కరెంటు చాలట్లేదు. మామూలు యూఎస్‌బీ 2.0 సాకెట్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. హెచ్‌డీడీ అని రాసిన సాకెట్టుకు మార్చండి.

వీసీఆర్, పెళ్లి క్యాసెట్టు

క్యాసెట్టు పెట్టేముందు కిటికీలోంచి రీలు చూడండి. టేపు అంచున తెల్లటి బూజు ఉంటే పెట్టవద్దు. అది వీసీఆర్ హెడ్డుకు అంటి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. హెడ్డు పోతే కొత్త మిషను దొరకదు. వీసీఆర్ల తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. కాబట్టి ఏళ్ల తరబడి అటక మీదున్న మిషనులో మొదట పనికిరాని సినిమా క్యాసెట్టు వేసి చూడండి. అది టేపు నమలకుండా వదిలితేనే పెళ్లి క్యాసెట్టు.

మంచి క్యాసెట్టునైనా వెంటనే ప్లే చేయకుండా ఒకసారి చివరిదాకా ఫార్వర్డు, మళ్లీ మొదటికి రివైండు చేయండి. ఏళ్లుగా అతుక్కున్న పొరలు విడతాయి. కొత్త టీవీలో ఒక చిరాకు ఉంటుంది. పాత టీవీ చుక్కల బొమ్మనైనా చూపించేది. ఇది సిగ్నల్ కాస్త బలహీనపడితే మొత్తం నీలంగానో నల్లగానో చేసేస్తుంది. మెనూలో బ్లూ స్క్రీన్ అని ఉంటే ఆపేయండి, వీసీఆర్ ట్రాకింగు మీటలు నిదానంగా అటూ ఇటూ జరపండి. తెర అడుగున వణికే సన్నటి గీత మాత్రం వీహెచ్‌ఎస్‌కు (ఈ క్యాసెట్ల పద్ధతి పేరు) పుట్టుకతోనే ఉంది, దాన్ని సరిచేయబోకండి. బొమ్మ అడ్డంగా సాగి అందరూ లావుగా కనిపిస్తే పిక్చర్ సైజు 4:3 చేయండి.

ఆడుతున్నప్పుడే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలనుకుంటే యూఎస్‌బీ క్యాప్చర్ ముక్క వీసీఆర్ ఔట్‌కు పెట్టి, పాల్, 720×576, సెకనుకు 25 ఫ్రేములు అని అమర్చండి. 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు) దగ్గర పెడితే గంటకు సుమారు రెండుంబావు జీబీ అవుతుంది, మూడు గంటల క్యాసెట్టుకు ఏడు జీబీలు చేతిలో పెట్టుకోండి. మొదటి రెండు నిమిషాలు ఎక్కించి, ఆపి, మేళం మోత, పెదవుల కదలిక కలుస్తున్నాయో లేదో చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి. అయ్యాక మొదటిదాకా రివైండు చేసి, పెట్టెలో పుస్తకంలాగా నిలువుగా పెట్టండి. ఎండ సోకే మిద్దె గదిలో కాదు.